మారుతి 800 కార్బొరేటర్ బండి: ప్లగ్గులు మార్చి మూడు నెలలు కాలేదు, మళ్లీ మిస్సింగ్

పాత800_తెనాలి
1994 మోడల్, కార్బొరేటర్ బండి, డెల్కోలో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) పాయింట్లు, అంటే కాయిల్ కరెంటుని కలిపి తెంపే మెటల్ ముక్కలు. మూడు నెలల కిందట మూడు ప్లగ్గులూ కొత్తవి పడ్డాయి. రెండు వేల కిలోమీటర్లు తిరగకుండానే మళ్లీ మిస్ కొడుతోంది, ఇంజిన్ తడబడుతోంది. ఐడిలింగ్‌లో గేర్ రాడ్ వణుకుతుంది. మూడో గేర్లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పట్టి పట్టి వదిలేస్తుంది. చదును రోడ్డు మీద మెల్లగా పోతే ఏ గోలా లేదు. మైలేజీ 17 నుంచి 13కి దిగింది. కాయిల్ (స్పార్క్‌కి వోల్టేజీ పెంచేది), కార్బొరేటర్ (పెట్రోల్, గాలి కలిపేది) రెండూ మార్చాలని షెడ్డులో చెప్పారు. అంత ఖర్చు పెట్టే ముందు ఇంకేం చూడాలి? ప్లగ్గులు నేనే విప్పి చూడొచ్చా?

మూడోసిలిండర్
ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు మూడు ప్లగ్గులూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరసగా పెట్టి, మొనలు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి. కాయిల్ పాడైతే మూడు సిలిండర్లూ ఏడవాలి. కార్బొరేటర్ పాడైనా అంతే, మూడూ ఒకే రంగులో ఉండాలి. ఒక్కటే తేడాగా ఉంటే ఆ రెండిటి మీద అనుమానం సగం పోయినట్టే.

బరువు పడినప్పుడే మిస్ అవుతోందన్నారు చూశారా, అది పెద్ద ఆధారం. యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్లోకి ఎక్కువ పెట్రోల్, గాలి మిశ్రమం పోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ ప్లగ్ మొనల మధ్య గ్యాప్ దాటడానికి స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి. దారిలో ఎక్కడైనా బలహీనమైన చోటుంటే, అంటే వైరు, డెల్కో మూత, మూత లోపల తిరిగే రోటర్ ఏదైనా, కరెంటు గ్యాప్ దూకకుండా అటు పారిపోతుంది. నా అనుమానం కరెంటు వైపే.

వరంగల్_వీల్స్
మూడోసిలిండర్ అన్న చెప్పింది కరెక్ట్. కార్బొరేటర్ జోలికి ఇప్పుడే పోకు. ఒకసారి అది విప్పితే అసలు రోగం ఏందో, విప్పినంక వచ్చిన రోగం ఏందో ఎవ్వరికీ అర్థం కాదు.

కొత్తమర
నేనూ ఇంతవరకు ప్లగ్ విప్పలేదు. పని మొదటి నుంచి చివరిదాకా ఎవరైనా రాస్తే మా అందరికీ పనికొస్తుంది.

ఫీలర్‌గేజ్
రాస్తున్నా. ఇది పాత 800 కోసం, 14 మి.మీ. మర ఉండి వాషర్‌తో కూర్చునే ప్లగ్ ఉన్న బండ్లన్నిటికీ పనికొస్తుంది.

కావలసినవి: లోపల రబ్బరున్న 21 మి.మీ. ప్లగ్ సాకెట్, ఎక్స్‌టెన్షన్, రాచెట్ లేదా టామీ రాడ్, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే రేకులు), మల్టీమీటర్, పొడి గుడ్డ, ఒక జానెడు పెట్రోల్ పైపు ముక్క. ఆ రబ్బరు ముక్కని వదిలేయకండి, దాని పని చివర్లో ఉంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండి పొద్దున విప్పడం మేలు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైర్లకి కాగితం టేపు చుట్టి 1, 2, 3 అని రాయండి. టైమింగ్ బెల్ట్ వైపున్నది 1. ఈ ఇంజిన్ ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరస 1-3-2, కాబట్టి డెల్కో మూత మీద కూడా ఏ వైరు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. రెండు వైర్లు తారుమారైతే బండి తుమ్ముతుంది, మంట కార్బొరేటర్లోకి తన్నొచ్చు.

వైరుని లాగొద్దు. ప్లగ్ మీదున్న రబ్బరు టోపీని పట్టుకుని కొంచెం అటూ ఇటూ తిప్పి తీయాలి. వైరు పట్టి గుంజితే లోపలి కార్బన్ తీగ తెగుతుంది, పైకి కనపడదు.

ప్లగ్ విప్పే ముందు దాని చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి. సైకిల్ పంపు చాలు. అక్కడుండే ఇసుక రేణువు సిలిండర్లో పడితే గోడ గీసుకుపోతుంది. సాకెట్ నిటారుగా పెట్టి పావు చుట్టు వదులు చేసి, మళ్లీ ఒకసారి ఊది, అప్పుడు పూర్తిగా విప్పండి. గట్టిగా ఉంటే బలం వాడొద్దు. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి అరగంట ఆగండి. తర్వాత కాస్త బిగించి, కాస్త వదులు చేసి, అలా ఆడిస్తూ తీయండి.

బిగించేటప్పుడు: పెట్రోల్ పైపు ముక్కని ప్లగ్ పింగాణీ మీద తొడిగి, ఆ పైపుని వేళ్లతో తిప్పుతూ మర ఎక్కించండి. మర అడ్డంగా పడితే పైపు జారిపోతుంది తప్ప హెడ్ (ప్లగ్గులు కూర్చునే ఇంజిన్ పై భాగం) మర పాడవదు. చేత్తో వాషర్ ఆనేదాకా తిరిగాక సాకెట్ పట్టండి. కొత్త ప్లగ్ అయితే అక్కడి నుంచి అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. ఎందుకంటే కొత్త వాషర్ నలగాలి. వాడిన ప్లగ్ మళ్లీ పెడుతుంటే వాషర్ అప్పటికే నలిగింది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు, అంటే గడియారం ముల్లు ఒక అంకె కదిలినంత. టార్క్ రెంచ్ ఉన్నవాళ్లకి 25 న్యూటన్ మీటర్లు.

స్పానర్_సత్తెనపల్లి
అంతా బాగుంది, ఇంజిన్ చల్లారాలన్న మాటే ఒప్పుకోను. గోరువెచ్చగా ఉంటే ప్లగ్ సులువుగా కదులుతుంది. చల్లటి ఇంజిన్లో బిగుసుకుపోయిన ప్లగ్గులు గోరువెచ్చ మీద వచ్చేస్తాయి.

ఫీలర్‌గేజ్
గోరువెచ్చ వేరు, వేడి వేరు. 800 హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఒళ్లు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, మెత్తబడుతుంది కూడా. కాలే హెడ్‌లోంచి ప్లగ్ తీస్తే అల్యూమినియం మర ప్లగ్‌తో పాటు ఊడి వస్తుంది. ఇంకో గొడవ, వేడి హెడ్‌లో చల్లటి ప్లగ్ బిగిస్తే, చల్లారాక హెడ్ దాన్ని నొక్కేస్తుంది. వచ్చేసారి రాదు. చల్లగా ఉన్నప్పుడు అస్సలు కదలని ప్లగ్‌కి మాత్రం మీరన్నట్టు చెయ్యి పెట్టగలిగే వేడి చేసి ప్రయత్నించడంలో తప్పు లేదు. దాన్ని మొదటి పద్ధతిగా చెప్పొద్దు.

స్పానర్_సత్తెనపల్లి
చెయ్యి పెట్టగలిగే వేడి అన్నదే నా ఉద్దేశం. సరే, ఒప్పుకున్నా.

కొత్తమర
మరకి గ్రీజు రాస్తే వచ్చేసారి సులువుగా వస్తుంది కదా?

స్పానర్_సత్తెనపల్లి
గ్రీజు వద్దు, కాలి బొగ్గవుతుంది. రాస్తే యాంటీ సీజ్ పేస్టు (మరలు పట్టేయకుండా రాసేది), అదీ మధ్య మరల మీద పల్చగా. మొన వైపు రెండు మరలు వదిలేయాలి.

మూడోసిలిండర్
ఇప్పుడొచ్చే మంచి కంపెనీ ప్లగ్గుల మరలకి పూత ఉంటుంది. ఎన్‌జీకే వాళ్లు యాంటీ సీజ్ రాయొద్దనే చెబుతారు. మర జారుడుగా ఉంటే అదే చేతి బలానికి ప్లగ్ ఎక్కువ బిగుసుకుంటుంది, ఒళ్లు సాగుతుంది. రాసి తీరతానంటే బిగింపు 30 శాతం దాకా తగ్గించాలి. మూడు ప్లగ్గుల బండికి ఏడాదికోసారి విప్పి చూసుకుంటే పేస్టుతో పనే లేదు.

పాత800_తెనాలి
విప్పాను. ఫీలర్‌గేజ్ గారు చెప్పినట్టే చేశాను, పైపు ముక్క చిట్కా చాలా బాగుంది.

1: లేత గోధుమ రంగు, పొడిగా ఉంది.
2: నల్లగా మసి, వేలితో రుద్దితే పొడిలా రాలుతోంది. విప్పగానే పెట్రోల్ వాసన గట్టిగా వచ్చింది.
3: 1 లాగే, కాస్త ముదురు.

మూడిటికీ పింగాణీ బయటి వైపు, లోహం దగ్గర గోధుమ రంగు పట్టీ ఉంది. పొగ కారుతోందా?

మూడోసిలిండర్
చూశారా. కార్బొరేటర్ గానీ కాయిల్ గానీ కారణం కాదు. కారణం 2వ సిలిండర్‌లోనే ఉంది.

పొడి మసి, పెట్రోల్ వాసన రెండూ కలిపి చూస్తే అక్కడ పెట్రోల్ చేరుతోంది, కాలడం లేదు. అదే మసి జిడ్డుగా, నూనెతో మెరుస్తూ ఉంటే కథ వేరు. వాల్వ్ సీళ్లో, రింగులో అరిగి ఆయిల్ పైకి వస్తోందని. అప్పుడు ప్లగ్ ఎన్నిసార్లు మార్చినా నెలకోసారి నల్లబడుతూనే ఉంటుంది. మీది అలా లేదు, సంతోషించండి.

బయటి గోధుమ పట్టీ గురించి భయం వద్దు. అది పొగ కారిన మరక కాదు. హై వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె తుంపర్లు, దుమ్ము పింగాణీకి అంటుకుని అలా అవుతుంది. ప్లగ్ బాగానే ఉన్నట్టు. చూడాల్సింది పట్టీని కాదు, పింగాణీ మీద పై నుంచి కిందికి పెన్సిల్ గీతలాంటి నల్ల చార ఉందా అన్నది. ఉంటే స్పార్క్ బయట నుంచే జారిపోతోంది. ప్లగ్‌తో పాటు రబ్బరు టోపీ కూడా మార్చాలి, లేకపోతే టోపీలోని చార కొత్త ప్లగ్ మీదా గీత పెడుతుంది.

వరంగల్_వీల్స్
2 ప్లగ్ తీసుకపోయి 1లో పెట్టు, 1ది 2లో పెట్టు. ఓ యాభై కిలోమీటర్లు తిప్పి మళ్ల విప్పి చూడు. మసి ప్లగ్ ఎంబడి పోతే ప్లగ్‌దే తప్పు. 2లోనే ఉండిపోతే వైరో, మూతో. పైసా ఖర్చు లేని టెస్ట్.

పాత800_తెనాలి
అలాగే చేస్తాను. ఈలోపు గ్యాప్ కొలిచాను. 1, 3 దగ్గర 1.1 మి.మీ., 2 దగ్గర 1.15. ప్లగ్ మీద ఎన్‌జీకే, కోడ్ చివర అడ్డగీత పెట్టి 11 అని ఉంది. ఇది సరైనదేనా?

ఫీలర్‌గేజ్
అసలు దొంగ దొరికాడు! పాయింట్ల బండిలో 1.1 గ్యాప్ పెట్టకూడదు. కార్బొరేటర్ 800కి గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. చివర 11 అన్న అంకెకి అర్థమే 1.1 మి.మీ. గ్యాప్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని. ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లున్న) ఇంజిన్లకి పనికొచ్చే గ్యాప్ అది, వాటి ఇగ్నిషన్ బలం ఎక్కువ.

ప్లగ్ పేరు చదవడం ఒకసారి నేర్చుకుంటే షాపులో ఏదిస్తే అది పుచ్చుకోవాల్సిన పని ఉండదు. బీపీఆర్6ఈఎస్ తీసుకోండి. బీ అంటే 14 మి.మీ. మర, 20.8 మి.మీ. షట్కోణం (21 సాకెట్ పట్టేది). పీ అంటే పింగాణీ మొన ముందుకు వచ్చి ఉంటుంది. ఆర్ అంటే లోపల రెసిస్టర్, సుమారు 5 కిలో ఓమ్స్. 6 వేడి అంకె. ఈ అంటే మర పొడవు 19 మి.మీ. ఎస్ అంటే మామూలు రాగి గర్భం ఉన్న ప్లగ్. తర్వాత అడ్డగీత, 11 ఉంటే గ్యాప్ 1.1.

'ఈ' అనే అక్షరం బదులు హెచ్ ఉంటే మర పొడవు 12.7 మి.మీ. అది 800 హెడ్‌లో బిగుస్తుంది కానీ మొన లోపలికి చేరదు, ఖాళీ మరల్లో బొగ్గు పేరుకుని తర్వాత సరైన ప్లగ్ కూడా ఎక్కదు. తిరగేస్తే ఇంకా ప్రమాదం. పొట్టి మర హెడ్‌లో పొడుగు ప్లగ్ పెడితే పిస్టన్‌కి తగలొచ్చు.

అనంతపురం_అంబాసిడర్
వేడి అంకె దగ్గర చానామంది పొరపాటు పడతారప్పా. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది. బాష్‌లో తిరగబడి ఉంటుంది, అంకె పెరిగితే వేడిది. ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్‌కి సాటి బాష్ డబ్ల్యూఆర్7డీసీ. డెన్సోలో అదే డబ్ల్యూ20ఈపీఆర్-యూ. 6, 7, 20 అని అంకెలు చూసి పోల్చితే మోసపోతారు.

కొత్తమర
వేడి ప్లగ్, చల్లని ప్లగ్ అంటే స్పార్క్ వేడిగా, చల్లగా ఉంటుందనా?

అనంతపురం_అంబాసిడర్
కాదు. స్పార్క్‌తో దానికి పని లేదు. మొన దగ్గరి వేడిని ప్లగ్ ఎంత త్వరగా హెడ్‌లోకి దింపేస్తుందన్నదే సంగతి. లోపల పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి దిగడానికి దారి ఎక్కువ, మొన వేడిగా ఉంటుంది, అది వేడి ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే చల్లనిది. మొన సుమారు 450 డిగ్రీలు దాటితే మసి దానంతట అదే కాలిపోతుంది. 850 దాటితే మొనే నిప్పు కణికై స్పార్క్ కంటే ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. ఆ రెండిటి మధ్య ఉండాల. అందుకే మాన్యువల్‌లో రాసిన అంకె వదలొద్దు. నల్లబడుతోందని వేడి ప్లగ్ పెట్టడం జ్వరానికి థర్మామీటర్ మార్చినట్టు.

ఇంట్లో నుంచి బజారుకి, బజారు నుంచి ఇంటికి రోజూ రెండు కిలోమీటర్లు తిప్పే బండ్లలో ప్లగ్ ఆ 450 చేరదు. నల్లబడుతుంది. వారానికోసారి హైవే మీద ఓ ఇరవై కిలోమీటర్లు పోయి రండి.

పాత800_తెనాలి
అంటే ఇప్పుడున్న వాటి మొన కొంచెం నొక్కి 0.8 చేస్తే సరిపోతుందా? రెండు వేలు కూడా తిరగని ప్లగ్గులు పారేయడం ఎందుకు?

స్పానర్_సత్తెనపల్లి
నొక్కేయండి, ఏమీ కాదు. చాలా షెడ్డుల్లో అదే చేస్తారు.

ఫీలర్‌గేజ్
0.1, 0.2 సర్దుకోవచ్చు. 1.1 నుంచి 0.8 అంటే 0.3. ఎన్‌జీకే చెప్పే హద్దు సుమారు 0.2. అంతకంటే ఎక్కువ వంచితే నేల వైపు మొన (ప్లగ్ ఒంటికి అతికి వంగి ఉండేది, ఎర్త్ మొన) ఏటవాలుగా వాలిపోతుంది, మధ్య మొనకి సమాంతరంగా ఉండదు. స్పార్క్ ఒక అంచు నుంచే దూకి ఆ అంచు త్వరగా అరుగుతుంది. సరైన గ్యాప్‌తో వచ్చే ప్లగ్గులు మూడు కలిపి ఐదారు వందల్లో వస్తాయి, అవే పెట్టండి.

చిన్నగా సర్దాల్సి వచ్చినా నేల వైపు మొన ఒక్కటే వంచండి. స్క్రూడ్రైవర్ మధ్య మొనకి ఆనించి మీటకూడదు, లోపలి పింగాణీ పగులుతుంది. గ్యాప్ తగ్గించాలంటే ప్లగ్‌ని చెక్క మీద మెల్లగా తట్టండి. కొలవడానికి ఫీలర్ గేజ్ 0.75 రేకు కాస్త రాపిడితో జారాలి, 0.85 దూరకూడదు.

మూడోసిలిండర్
గ్యాప్‌కీ 2వ వైరుకీ ఉన్న లంకె చెప్తా. గ్యాప్ 1.1 అయ్యాక స్పార్క్ దూకడానికి వోల్టేజీ ఎక్కువ అడిగింది. కాయిల్ ఇచ్చింది, కానీ ఆ ఎక్కువ వోల్టేజీ ముప్పై ఏళ్ల వైర్ల మీద పడింది. అందులో ఏది బలహీనంగా ఉందో అది ముందు లొంగిపోయింది. ఇక ఇది ఖాయం చేసుకోవాలి. వైర్లు మూడూ మల్టీమీటర్‌తో కొలవండి. కార్బన్ తీగ వైర్లకి మీటరు పొడవుకి పది, ఇరవై కిలో ఓమ్స్ మధ్య వస్తే మామూలే. 800 వైర్లు పొట్టివి కాబట్టి ఇంకా తక్కువ రావాలి. కొలిచేటప్పుడు వైరుని వంచుతూ చూడండి, అంకె ఎగురుతుంటే లోపల తీగ తెగింది. డెల్కో మూత వైపు చివరలు కూడా విప్పి చూడండి, ఆ గుంటల్లో పచ్చగానో తెల్లగానో చిలుము పట్టి ఉండొచ్చు. మూత లోపల మధ్యలో ఉండే బొగ్గు బొడిపె స్ప్రింగు మీద ఆడుతోందా, గోడ మీద సన్నటి పగులు గీతలున్నాయా చూడండి.

వరంగల్_వీల్స్
రాత్రి చీకట్ల బానెట్ తెరిచి బండి స్టార్ట్ చేసి, పూల మొక్కలకు కొట్టే స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగ నీళ్లు చల్లు. పగిలిన చోట నీలం రంగుల మిణుగురులు ఆడతయి. చేతులు మాత్రం వైర్లకు దూరం.

చేతక్_చిత్తూరు
ఒక మాట. నడుస్తున్న బండిలో వైరు ఒక్కొక్కటి పీకి ఏది పని చేయడం లేదో చూసే అలవాటు మానండి. పాయింట్ల బండిలో షాక్ తగులుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండిలో ఆ షాక్‌తో పాటు ఇగ్నిషన్‌ని నడిపే మాడ్యూలే కాలిపోతుంది. కెటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసేది) ఉన్న బండిలో కాలని పెట్రోల్ దాంట్లోకి పోయి ఎర్రగా కాగుతుంది. స్పార్క్ చూడాలంటే ప్లగ్ విప్పి, టోపీ తొడిగి, ఒళ్లు ఇంజిన్‌కి గట్టిగా ఆనేలా క్లిప్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది.

ఇంకో సంగతి, గాల్లో మంచి స్పార్క్ కనపడినంత మాత్రాన ప్లగ్ బాగున్నట్టు కాదు. లోపల ఒత్తిడిలో దూకాలి. బయట నీలంగా దూకి లోపల చచ్చిపోయే ప్లగ్గులు ఎన్నో.

పాత800_తెనాలి
కొలతలు: 1వ వైరు 6.2 కిలో ఓమ్స్. 3వది 7.8. 2వది నిలకడగా లేదు, 38 చూపిస్తుంది, వంచితే అసలు చూపడం లేదు. మూతలో 2వ గుంట అంతా పచ్చటి చిలుము. ప్లగ్గులు 1కీ 2కీ మార్చి నడిపాను, మసి 2లోనే ఉండిపోయింది.

మూడోసిలిండర్
అంతే. వైర్లు సెట్టు మొత్తం, డెల్కో మూత, రోటర్ మార్చండి. ఒక్క వైరే కొనొద్దు, మిగతావీ అదే వయసువి. ప్లగ్గులు 11 లేనివి. పాయింట్లు, వాటి మీద మెరుపు తగ్గించే కండెన్సర్ కూడా ఓసారి చూడండి. పాయింట్ల ముఖం మీద ఒక వైపు గుట్ట, ఒక వైపు గుంట పడి ఉంటే కండెన్సర్ బాగాలేదు. పాయింట్ల గ్యాప్ మార్చితే స్పార్క్ పడే టైమింగ్ కూడా కదులుతుంది, అది మళ్లీ చూసుకోవాలి.

అనంతపురం_అంబాసిడర్
కాయిల్ మీద ప్లస్, మైనస్ వైర్లు సరిగా ఉన్నాయో చూడు. మైనస్ డెల్కోకి పోవాల. షెడ్డులో ఎప్పుడైనా తారుమారు చేసి ఉంటే బండి నడుస్తుంది, కానీ స్పార్క్ తిరగబడి దూకుతుంది. వేడిగా ఉండే మధ్య మొన నుంచి దూకడం తేలిక, చల్లగా ఉండే నేల మొన నుంచి దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాల. గుర్తు ఏమంటే, పాత ప్లగ్‌లో నేల వైపు మొన లోపలి ముఖం గిన్నెలా గుంట పడి ఉంటుంది.

కొత్తమర
మసి పట్టిన ప్లగ్ గరుకు కాగితంతో రుద్ది వాడుకోవచ్చా? మా దగ్గర షెడ్డులో ఇసుక కొట్టే మిషన్ ఉంది.

ఫీలర్‌గేజ్
ఇసుక మిషన్ వద్దు. పింగాణీకీ లోహపు ఒంటికీ మధ్య లోతైన సందు ఉంటుంది, అందులో ఇసుక ఇరుక్కుని బండి నడిచాక సిలిండర్లో రాలుతుంది. ఇనుప బ్రష్ కూడా వద్దు, పింగాణీ మీద లోహపు గీతలు పడతాయి, స్పార్క్ వాటి మీద నుంచి జారుతుంది. దారిలో ఆగిపోతే పెట్రోల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మొనల అంచులు సన్న ఎమ్రీ పేపర్‌తో ఒకసారి రుద్ది ఇంటికి చేరండి. చేరాక కొత్తవి వేయండి. మామూలు రాగి ప్లగ్ ఆయుష్షు 15 నుంచి 20 వేల కిలోమీటర్లు. మొనల అంచులు పదునుగా ఉన్నంత కాలం స్పార్క్ తేలిగ్గా దూకుతుంది. అంచులు గుండ్రంగా అరిగాయంటే గ్యాప్ సరిగా ఉన్నా మార్చేయండి.

గ్యాస్‌కిట్_గుంటూరు
ఎల్పీజీ కిట్ ఉన్న 800లకి కూడా ఇదంతా వర్తిస్తుంది, రంగు సంగతి తప్ప. గ్యాస్ మీద నడిచే ప్లగ్ తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. అది చూసి వేడెక్కిందని కంగారు పడొద్దు. గ్యాస్‌కి స్పార్క్ వోల్టేజీ ఎక్కువ కావాలి, అందుకే గ్యాప్ 0.7 వైపు ఉంచుతాం. బలహీనమైన వైర్లు పెట్రోల్ మీద దాక్కుంటాయి, గ్యాస్ మీద బయటపడతాయి. గ్యాస్ మీద మిస్, పెట్రోల్ మీద బాగుంది అన్న బండికి కిట్ ముట్టుకోకముందే ప్లగ్గులు, వైర్లు చూస్తాం.

స్పానర్_సత్తెనపల్లి
పెట్రోల్ మీద కూడా ఈ మధ్య తెల్లగా ఉంటున్నాయి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక కార్బొరేటర్ బండ్ల ప్లగ్గులు లేత రంగుకి మారాయి. ఇది ఇంకెవరైనా గమనించారా?

మూడోసిలిండర్
లెక్క ప్రకారం అలాగే అవ్వాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోల్ సరిగా కాలడానికి ఒక వంతుకి 14.7 వంతుల గాలి, ఈ20కి 13.5 దగ్గర. ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) ఉన్న బండి దాన్ని గమనించి పెట్రోల్ పెంచుకుంటుంది. కార్బొరేటర్‌కి కళ్లు లేవు, జెట్ ఎంత వదిలితే అంతే. మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్ లేత బూడిద రంగులో ఉంటే సరే. సున్నంలా తెల్లగా, మొనల మీద చిన్న చిన్న బొబ్బలుంటే మాత్రం వెంటనే ఆగాలి. పలచటి మిశ్రమమో, ముందుకు జరిగిన టైమింగో, ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకో చూసుకోవాలి. నల్ల ప్లగ్ బండిని ఆపుతుంది, తెల్ల ప్లగ్ పిస్టన్‌ని కరిగిస్తుంది. పాత రబ్బరు పెట్రోల్ పైపులు కూడా ఇథనాల్‌కి ఉబ్బి పగులుతాయి, ప్లగ్గులు చూసేటప్పుడే వాటినీ వేలితో నొక్కి చూడండి.

కొత్తమర
ఇరిడియం వేస్తే ఇదంతా తప్పుతుందా? లక్ష కిలోమీటర్లు అంటున్నారు.

వరంగల్_వీల్స్
తప్పదు. 2వ వైరు తెగి ఉంటే బంగారం ప్లగ్ పెట్టినా మసే.

ఫీలర్‌గేజ్
ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, నికెల్ 1,455 దగ్గరే కరుగుతుంది. అందుకే ఇరిడియం మొనని సూదిలా సన్నగా చేయగలుగుతారు, సన్న మొన నుంచి స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది. మంచి వస్తువే. కానీ కార్బొరేటర్ బండిలో చోక్ వాడినప్పుడల్లా మసి పడుతుంది, ఆయిల్ కాస్తో కూస్తో పైకి వస్తుంది. లక్ష కిలోమీటర్ల మొన మీద పది వేలకే మసి. దాన్ని రుద్ది శుభ్రం చేయడానికీ లేదు, సన్న మొన విరుగుతుంది. 800కి రాగి ప్లగ్గే సరైనది.

చేతక్_చిత్తూరు
టూ స్ట్రోక్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే: మీ ప్లగ్ ముదురు గోధుమ రంగులో, కాస్త జిడ్డుగా ఉండటం మామూలే, పెట్రోల్‌లో ఆయిల్ కలుస్తుంది కాబట్టి. మీ అసలు శత్రువు గ్యాప్‌కి అడ్డంగా వెంట్రుకలా పెరిగే బొగ్గు దారం. అది రెండు మొనల్నీ కలిపేస్తే స్పార్కే ఉండదు, కిక్ ఎన్ని కొట్టినా లేవదు. పేకముక్క లాంటి గట్టి కాగితం గ్యాప్‌లో ఒకసారి దూర్చి తీస్తే లేస్తుంది. అందుకే డిక్కీలో ఒక స్పేర్ ప్లగ్, స్పానర్ ఉండాలి.

పాత800_తెనాలి
పనైపోయింది. వైర్లు, మూత, రోటర్, 11 లేని ప్లగ్గులు మూడు. గ్యాప్ మూడిటికీ 0.75. కొత్త ప్లగ్ పెడుతుంటే టోపీ కూర్చోక చూస్తే, ప్లగ్ తల మీదున్న చిన్న నట్టు వదులుగా ఉంది. ఎవరైనా కొత్త ప్లగ్ పెట్టే ముందు ఇది చూసుకోండి.

ఐడిలింగ్‌లో గేర్ రాడ్ వణుకు పోయింది. మూడో గేర్లో ఫ్లైఓవర్ అంచు దాకా ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. కార్బొరేటర్ ముట్టుకోలేదు, కాయిల్ పాతదే.

స్పానర్_సత్తెనపల్లి
ఆ నట్టు సంగతి మంచిగా పట్టారు. అది ప్లయర్‌తో బిగించాలి, వేళ్ల బలం చాలదు. కొన్ని బైకు ప్లగ్ క్యాపులకి ఆ నట్టు తీసేయాలి, కారుకి ఉండాలి. ఒకే ప్లగ్ రెండిటికీ అమ్ముతారు కాబట్టి ఈ తిరకాసు.

మూడోసిలిండర్
శుభం. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక 2వ ప్లగ్ ఒక్కటి విప్పి చూడండి. 1 లాగా లేత గోధుమ రంగులో ఉంటే ఇక పది వేలదాకా ముట్టుకోనక్కర్లేదు. మళ్లీ నల్లబడితే ఈసారి కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) కొలిపించండి, మూడూ ఒకదానికొకటి దగ్గరగా రావాలి. 2 తక్కువ చూపిస్తే ఆ సిలిండర్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్.

పాత800_తెనాలి
అలాగే. 11 రాసి ఉన్న పాత మూడు ప్లగ్గులూ ఉన్నాయి, కొలిచి చూస్తే రెసిస్టర్ మూడిటికీ 5 కిలో ఓమ్స్ దగ్గరే ఉంది. 1.1 గ్యాప్, ఇదే వేడి అంకె కావాల్సిన ఎంపీఎఫ్‌ఐ బండి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. 2వది శుభ్రం చేయలేదు, మిగతా రెండూ బాగున్నాయి.

కొత్తమర
నాది ఎంపీఎఫ్‌ఐ. మాన్యువల్ చూసి చెప్తాను.